మొన దగ్గర కట్టినవన్నీ ఎందుకు తెగాయి: ఎర్రనేలలో పైకి పాకుతున్న వంక కోతపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

దక్షిణ రాయలసీమలో గ్రానైట్ గుట్ట అడుగున ఉన్న 11 ఎకరాల మెట్ట చేను ఇది. ఊరి పేరు, రైతు వివరాలు, సర్వే నంబరు ఇక్కడ ఇవ్వడం లేదు. చేను మధ్యలోంచి ఒక గాడి కిందికి దిగి, ఊరి పెద్ద వంకలో కలుస్తుంది. గుట్ట మీద నుంచి, చేల మీద నుంచి ఆ గాడిలోకి నీరు దించే భూమి మొత్తం 18 హెక్టార్లు. అందులో 6 హెక్టార్లు బండలు తేలిన గుట్ట, మిగతాది ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి.

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. ఇంత తక్కువ వానకు ఇంత కోత ఏమిటని కొత్తగా వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. వాన తక్కువ కాబట్టే గుట్ట మీద గడ్డి పలచన. పడే వానలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాలుగైదు దఫాలుగా కుండపోతగా దిగుతుంది. సరిగ్గా ఆ రోజుల తర్వాతే వేరుశనగ పీకుతారు, పీకిన చేను గుల్లగా మిగులుతుంది. ఆ తర్వాత ఒక్క జోరు వాన వచ్చినా చాలు. ఏడాదంతా కురిసిన సన్న వానలు చేయని పని అరగంట వాన చేసి పెడుతుంది.

చేనులో కనిపించిన సమస్య

గాడి పైచివర, అంటే చేను తెగుతున్న చోట, 1.8 మీటర్ల నిట్టనిలువు గట్టు ఉంది. దీన్నే ఇక్కడ కోత మొన అంటున్నాను. నీరు గట్టు మీది నుంచి కిందికి దూకుతుంది, కింద గుంత పడుతుంది, గట్టు అడుగు తొలుచుకుపోతుంది, పైన మట్టి పెళ్లగా విరిగి పడుతుంది. పడిన మట్టిని మరుసటి వాన ఊడ్చుకుపోతుంది, మొన ఇంకొంచెం పైకి జరుగుతుంది. జలపాతాలు వెనక్కి జరిగేది ఇలాగే. అక్కడ రాయి కాబట్టి వేల ఏళ్లు, ఇక్కడ మట్టి కాబట్టి నెలలు. గండికోట దగ్గర పెన్నా కొండను కోసుకుంటూ దిగిన లోయను చూసి అబ్బురపడే మనం, చేలో అదే పని జరుగుతుంటే ‘ఏదో వంక తెగింది’ అనేసి ఊరుకుంటాం.

1.8 మీటర్ల ఎత్తు నుంచి దూకే నీరు కింద తాకేటప్పుడు సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగంతో ఉంటుంది. ఇసుక కలిసిన ఎర్రమట్టి 0.6 మీటరుకు మించితే కదలడం మొదలుపెడుతుంది. అయితే దూకే నీరు కథలో సగమే. వాన వెలిసిన మరునాటి పొద్దున, పైన చుక్క నీరు పారకపోయినా, గట్టు మొహంలో నేల నుంచి 1.3 మీటర్ల లోతున ఒక తడి గీత అడ్డంగా కనిపించింది. పైన ఇసుక మట్టి, కింద గట్టి మొరం. ఇసుకలోకి ఇంకిన నీరు మొరం మీదికి చేరి, అక్కడి నుంచి పక్కకు ఊరుతోంది. ఆ గీత పొడవునా 40 సెంటీమీటర్ల లోతు బొరియ పడి ఉంది. అంటే వాన ఆగాక కూడా ఈ ఊట గట్టును లోపలి నుంచి తొలుస్తోంది.

జిప్సం చల్లమని ఒక సలహా వచ్చింది. అది చౌడు గుణమున్న మట్టికి మందు. అలాంటి మట్టి నీరు తగలగానే పాలలా విడిపోతుంది. చూడడం తేలిక: మొరం పైపొర నుంచి ఎండిన చిన్న గడ్డ తీసి, గాజు గ్లాసులో వాన నీటిలో కదపకుండా వదలాలి. ఈ చేని గడ్డ పది నిమిషాల్లో కుప్పకూలింది కానీ నీరు తేటగానే ఉంది. నీరు పాలలా మబ్బుపట్టి ఉంటే జిప్సం మాట ఆలోచించేవాళ్లం. ఇక్కడ ఆ ఖర్చు దండగ.

రైతు అప్పటికే చేసి చూసినవి

మొదట ముళ్లకంప, పొలంలో ఏరిన రాళ్లు తెచ్చి మొన కింద గుంతలో పోశారు. కంప తేలిపోయింది, రాళ్లు దిగబడ్డాయి. రాళ్ల సందుల్లోంచి మట్టి జారిపోకుండా మధ్యలో ఇసుక, సన్న కంకర పొరలు లేనప్పుడు ఎన్ని ట్రాలీలు పోసినా ఇంతే. నీరు రాళ్ల కిందికి దూరి, వాటి అడుగున మట్టినే లాగేస్తుంది.

రెండోది ఇంకా ముప్పు తెచ్చింది. మొనకు 3 మీటర్ల ఎగువన జేసీబీతో 1.2 మీటర్ల ఎత్తు మట్టికట్ట అడ్డం వేయించారు. నీరు కిందికి దూకకుండా ఆపేద్దామన్నది ఆలోచన. పైకి సబబుగానే ఉంటుంది, ఊళ్లో ఎవరైనా ముందు అదే చేస్తారు. కానీ కట్ట వెనక నిలిచిన నీరు ఎక్కడికి పోవాలి? మొరవ, అంటే ఎక్కువైన నీరు పొర్లిపోయే దారి, లేదు. ఇసుక మట్టిలోకి ఇంకి, కట్ట కిందుగా అదే తడి గీత వైపు రెట్టింపు ఒత్తిడితో ఊరింది. అరగంటలో 40 మి.మీ. పడిన రాత్రి కట్ట అడుగున గొట్టంలా రంధ్రం పడి, కట్ట మధ్యలో కూలింది. నిలిచిన నీరంతా ఒక్కసారి దూకింది. తెల్లారేసరికి మొన 9 మీటర్లు పైకి జరిగి ఉంది. మామూలుగా అయితే ఒక సీజన్ మొత్తంలో 3, 4 మీటర్లు జరిగేది.

మొనకు దగ్గరలో, ఎగువన నీరు నిలబెట్టకూడదు. నీటికుంట తవ్వాలన్నా, ఇంకుడు గుంత తీయాలన్నా ఇదే వర్తిస్తుంది. ఈ చేలో తర్వాత మేం పెట్టుకున్న హద్దు, మొన నుంచి 30 మీటర్ల లోపు నిలువ నీరు వద్దని.

మేం కట్టి, కూలిపోయినవి

మొదటి ఏడాది గాడిలో మొన నుంచి 15, 40, 65 మీటర్ల దూరాల్లో మూడు వదులు రాతికట్టలు వేయించాం. ఆలోచన ఇది: కట్టల వెనక ఒండ్రు చేరుతుంది, గాడి అడుగు పైకి లేస్తుంది, మొన ఎత్తు తగ్గుతుంది. ఆలోచనలో తప్పు లేదు. తప్పులు రెండు చోట్ల జరిగాయి.

ఒకటి మొరవ. కట్ట మధ్యలో 4 మీటర్ల పొడవున 20 సెంటీమీటర్ల పల్లం మాత్రమే వదిలాం. ఆ పల్లంలోంచి పోగలిగేది సెకనుకు 0.6 ఘనపు మీటరు. గాడిలోకి రాగల వరద దానికి నాలుగు రెట్లు, ఆ లెక్క కింద వస్తుంది. మిగిలిన నీరు కట్ట భుజాల మీదుగా ఒడ్డును తాకుతూ పోయింది. భుజాలు ఒడ్డులోకి 30 సెంటీమీటర్లే దిగి ఉన్నాయి. మొదటి కట్ట పక్కన కొత్త గాడి పడడానికి ఒక్క వాన పట్టింది.

రెండో తప్పు అర్థం కావడానికి ఇంకొంత కాలం పట్టింది. అక్టోబరులో ముందుగా కూలింది అన్నిటికంటే కిందిది, మూడో కట్ట. తర్వాత రెండోది. భుజాలు చెక్కుచెదరలేదు, కట్ట అడుగే కుంగి, రాళ్లు ముందుకు బోర్లాపడ్డాయి. పై నుంచి వచ్చిన వరదే తన్నుకుపోయి ఉంటే దెబ్బ ముందు పై కట్ట మీద పడాలి. కింది నుంచి పైకి వరసగా కూలాయంటే, వాటిని పడగొట్టింది కింది నుంచి వస్తోంది.

కిందికి నడిచి చూస్తే

సర్కారు తుమ్మ పొదలు కొట్టించి గాడి అడుగున కింది దాకా నడిచాం. ముందే చేయాల్సిన పని. కూలిన రెండో కట్ట ఉన్న చోటికి పైనే, గాడి అడుగులో అర మీటరు ఎత్తు మెట్టు కనిపించింది. కట్టలు వేసే రోజుల్లో అది ఇంకా కింద పొదల్లో ఉండి కంటపడలేదు. ఒక వానాకాలంలో పైకి పాకి, రెండు కట్టల పునాదులను దాటేసింది. అంటే చేలో మనం చూస్తున్న మొన ఒక్కటే కాదు. దాని వెనకే ఇంకో మొన బయలుదేరి వస్తోంది. పై మొనను ఎంత గట్టిగా కట్టినా, ఇది వచ్చి దాని పునాది కింద అర మీటరు తవ్వుతుంది.

మరి ఈ మెట్లు ఎక్కడ పుడుతున్నాయి? గాడి కలిసే పెద్ద వంక దగ్గర జవాబు దొరికింది. కలిసేచోటికి కొద్ది దూరంలో పాత కల్వర్టు ఉంది. దాని రాతి పరుపు ఒకప్పుడు వంక అడుగుతో సమంగా ఉండేది. ఇప్పుడు వంక అడుగు దానికి 1.1 మీటర్ల కింద ఉంది, పరుపు అంచు గాల్లో వేలాడుతోంది. ఒడ్డున వేపచెట్టు వేర్లు కూడా మీటరు ఎత్తున బయటపడి ఉన్నాయి. కారణం ఊళ్లో అందరికీ తెలిసిందే: కొన్నేళ్లుగా వంకలో ఇసుక, మొరం తవ్వి ట్రాక్టర్లతో తోలారు.

ఏ వంకైనా తాను కలిసే వంక మట్టానికి తగ్గట్టు తన వాలును సర్దుకుంటుంది. పెద్ద వంక అడుగు దిగితే, అందులో కలిసే ప్రతి గాడి నోటి దగ్గరా ఒక మెట్టు పుడుతుంది. ఆ మెట్టు నీరు పారే దిక్కుకు ఎదురుగా పైకి పాకుతుంది. ఎక్కడో కింద ట్రాక్టర్లతో తోలిన మొరానికి లెక్క, కొన్నేళ్ల తర్వాత పైన వేరుశనగ చేలో తేలింది.

ఇక్కడే ఒక చర్చ జరిగింది. వాటర్‌షెడ్ పనుల్లో అందరం నేర్చుకున్న సూత్రం ‘గుట్ట నుంచి లోయకు’. పని పైన మొదలుపెట్టి కిందికి రావాలి. దాని ప్రకారం గుట్ట అడుగున కందకాలు తీసి, తర్వాత మొన, తర్వాత గాడి చూడాలి. నీటిని తగ్గించే పనికి ఆ సూత్రం సరైనదే. గాడి అడుగు మట్టాన్ని నిలబెట్టే పనికి మాత్రం వరస తిరగబడుతుంది. అన్నిటికంటే కింది కట్టు ముందు పడాలి, ఎందుకంటే ప్రతి కట్టూ నిలబడేది దాని కింది కట్టు పట్టి ఉంచిన మట్టం మీద. రెండు వరసలనూ వేర్వేరుగా పట్టుకున్నాం: కందకాలు పై నుంచి, కట్టలు కింది నుంచి.

కందకాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేదు. గుట్ట అడుగున 4 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతుతో 300 కందకాలు తీయించాం. ఒక్కోటి పట్టేది ఒక ఘనపు మీటరు, మొత్తం 300. అది 6 హెక్టార్ల గుట్ట మీద పడే వానలో 5 మి.మీ.కు సమానం. చిన్న వానలకు మేలు, చెట్లకు మేలు. 40 మి.మీ. కుండపోత మొదటి కొన్ని నిమిషాల్లోనే వాటిని నింపేసి దాటిపోతుంది. కాబట్టి కట్టల లెక్కలో కందకాల వల్ల వరద తగ్గుతుందని ఏమీ తగ్గించుకోలేదు.

నీటిని మొన నుంచి పూర్తిగా మళ్లించి పక్క వాలులో వదలొచ్చన్నది ఇంకో ప్రతిపాదన. అటు వేరే రైతు చేను ఉంది, అక్కడా ఇదే ఇసుక మట్టి. ఈ గాడిని అక్కడికి మార్చడమే అవుతుంది. ట్రాక్టర్ బాట వెంట కాలువలా దిగివస్తున్న నీటిని మాత్రం బాటకు అడ్డంగా మూడు చోట్ల చిన్న గట్లు వేసి, తేలిన బండ మీదికి తిప్పాం.

లెక్క, కట్టిన తీరు

పరీవాహకం పై అంచు నుంచి మొన దాకా దూరం 700 మీటర్లు, ఎత్తు తేడా 35 మీటర్లు. ఈ వాలులో పై చివర పడిన నీరు మొన చేరడానికి దాదాపు 10 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఇక్కడ రోజు వాన లెక్క అక్కరకు రాదు, పది నిమిషాల తీవ్రత కావాలి. గంటకు 120 మి.మీ. తీసుకున్నాం. ప్రవాహ గుణకం, అంటే పడిన వానలో పారే వాటా, 0.4. 0.4ను 120తో, 18తో గుణించి 360తో భాగిస్తే సెకనుకు 2.4 ఘనపు మీటర్లు వస్తుంది. 4 మీటర్ల పొడవు మొరవ మీద ఆ నీరు అర మీటరు లోతున పారుతుంది. పైన 20 సెంటీమీటర్ల మార్జిన్ కలిపి, భుజాలు మొరవ కంటే 70 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. పాత కట్టల్లో ఇది 20.

గాడి పొడవు 160 మీటర్లు, సగటు వాలు 100కు 4. కట్ట వెనక చేరే ఒండ్రు చదునుగా ఉండదు, 100కు 1 చొప్పున వాలి ఉంటుందని తీసుకుంటే, రెండు వాలుల తేడా 100కు 3, కట్ట ఎత్తును ఆ 0.03తో భాగించిందే పై కట్టకు దూరం. అడుగున ఒక మీటరు ఎత్తు గేబియన్ (రాళ్లు నింపిన తీగపెట్టె), అక్కడి నుంచి 33 మీటర్లకు మొదటి రాతికట్ట, తర్వాత 27 మీటర్లకు ఒకటి చొప్పున ఇంకో నాలుగు, ఒక్కోటి 80 సెంటీమీటర్ల ఎత్తు. చివరిది మొనకు 19 మీటర్ల దూరంలో పడింది. ఆ 19 మీటర్లలో గాడి అడుగు లేచేది 76 సెంటీమీటర్లు. అంటే చివరి కట్ట మొరవ, మొన అడుగు దాదాపు ఒకే మట్టంలో ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు, దూరాలు అందుకే సర్దాం. వరద పారేటప్పుడు మొన కింద అర మీటరు నీటి మెత్త నిలుస్తుంది. దూకే నీరు మట్టిని కాకుండా నీటిని తాకుతుంది. మట్టాలన్నీ పారదర్శక గొట్టంలో నీరు పోసి చూసినవే. ఇంత చిన్న పనికి అంతకంటే పరికరం అక్కర్లేదు.

అడుగు గేబియన్ దగ్గర సిమెంటు చెక్‌డ్యామ్ కావాలని ఊళ్లో అడిగారు. వద్దన్నాం. పెద్ద వంక ఇంకా దిగే అవకాశం ఉంది. సిమెంటు కట్టడం కింద మట్టి పోతే అది ముందు నిలబడినట్టే కనిపించి, ఒకరోజు పగిలి పక్కకు వాలుతుంది. తీగపెట్టె కుంగుతుంది, వంగుతుంది, కానీ తెగదు. 2 మీటర్ల పొడవు, మీటరు చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెలు రెండు వరసలు: ఒకటి పూర్తిగా భూమిలో, ఒకటి పైన. ముందు భాగాన 3 మీటర్ల పొడవున, 30 సెంటీమీటర్ల మందంతో తీగపరుపు. కింద కోత పడితే ఈ పరుపు అంచు వాలి గుంతలోకి దిగి, దాన్ని కప్పుకోవాలి. అల్లిక కన్ను 10 సెంటీమీటర్లు కాబట్టి రాళ్లు 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య. పెట్టె వెనక మట్టికీ రాయికీ మధ్య ముతక ఇసుక, కంకర పొరలు.

రాతికట్టలకు పై వెడల్పు 60 సెంటీమీటర్లు. ఎగువ వాలు ఒకటికి ఒకటి, దిగువ వాలు ఎత్తుకు రెండింతలు. దిగువ వాలు నిటారుగా ఉంటే నీరు కట్ట మొదట్లోనే దూకి పునాది తవ్వుతుంది. మొరవ దగ్గర అడుగు వెడల్పు 3 మీటర్లు, పునాది 30 సెంటీమీటర్లు, భుజాలు ఒడ్డులోకి 60 సెంటీమీటర్లు. ముందు 2 మీటర్ల రాతి పరుపు. కోణాలున్న గ్రానైట్ రాళ్లే వాడాం. వంకలో దొరికే గుండ్రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, చివికిన తెల్లరాయి రెండేళ్లలో పిండి అవుతుంది. 25 కిలోలకు పైబడిన రాళ్లు బయటి మొహానికీ మొరవకూ, చిన్నవి లోపలికి. కూలీలు సహజంగా దీనికి తిరగేసి చేస్తారు, చిన్నరాళ్లతో పైన చదును చేస్తే చూడముచ్చటగా ఉంటుందని. మొదటి వరదకే ఆ చదును కొట్టుకుపోతుంది. ఒక్కో కట్టకు దాదాపు 20 ఘనపు మీటర్ల రాయి పట్టింది, అంటే ఏడు ట్రాలీలు.

మొన పని అన్నిటికంటే చివర, మే నెలలో. నిలువు గట్టును ఎత్తుకు రెండింతల వాలుకు చెక్కాం. అంటే 1.8 మీటర్ల గట్టు 3.6 మీటర్ల జారుగా మారింది. రైతుకు ఇది మింగుడుపడలేదు. కోత ఆపమంటే ఇంకా చేను కోస్తారేమని. నిలువు గట్టు మీద ఏ పొరా నిలవదు కాబట్టి తప్పలేదు. జారు మీద 15 సెంటీమీటర్ల ముతక ఇసుక, దాని మీద 15 సెంటీమీటర్ల 20 మి.మీ. కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల రాయి. ఊట నీరు బయటికి రావాలి, మట్టి రాకూడదు. ఈ మూడు పొరల పని అంతే. ఊట గీతను సిమెంటుతో మూసేస్తే నీరు వెనక నిలిచి మొత్తాన్ని తోసేస్తుంది. జారు కింద 60 సెంటీమీటర్ల లోతు కందకంలో పెద్దరాళ్లు దిగేశాం, లేకపోతే పైవన్నీ జారిపోతాయి.

జూన్, జూలై తొలకరిలో ఒడ్డు అంచున కిత్తనార, కట్టల భుజాల వెనక వట్టివేరు 15 సెంటీమీటర్లకొక పిలక చొప్పున. పశువులు కిత్తనార జోలికి రావు. వట్టివేరు లేతగా ఉన్నప్పుడు మేస్తాయి, ఆ మూడు నెలలు కంప అడ్డం పెట్టక తప్పలేదు.

రెండు సీజన్ల తర్వాత

మొన అంచుకు 5 మీటర్ల దూరంలో పాతిన ఇనుప గూటాల నుంచి కొలిస్తే, రెండు వానాకాలాల్లో జరుగుదల లేదు. మొన మీద రాళ్లు ఒకచోట చేతి మందాన కుంగాయి. పైనున్న రెండు కట్టలు మొరవ దాకా ఒండ్రుతో నిండాయి, కిందివి సగం. మట్టి పై నుంచే వస్తుంది కాబట్టి ఈ వరస మామూలే. కింది నుంచి మూడో కట్ట ఎడమ భుజం 15 సెంటీమీటర్లు దిగింది. తవ్వి చూస్తే అక్కడ ఒడ్డులో ఎలుక బొరియలు. భుజాన్ని మరో 40 సెంటీమీటర్లు లోపలికి దింపి మళ్లీ పేర్చాం. కందకాల్లో మూడో వంతు అప్పుడే పూడిపోయాయి.

మరో చోట ఇలాంటి మొన ఎదురైతే మేం ఇప్పుడు చేసే మొదటి పని, దానికి వీపు తిప్పి గాడి వెంట పెద్ద వంక దాకా నడవడం. పాత కల్వర్టు పరుపు, చెట్ల వేర్లు, పాత బావి ఒర, వంక దాటే బాట పరుపు లాంటివి వంక అడుగు ఒకప్పుడు ఎక్కడుందో చెబుతాయి. గాడి అడుగులో మోకాలెత్తు మెట్టు ఒక్కటి కనిపించినా, పైన రాయి వేసే ముందు దాని కింద కట్టు పడాలి. మొరవ లోతును మాత్రం అంచనాకు వదలకూడదు. వదులు రాతికట్టలు తెగిన చోట్ల సాధారణంగా బయటపడేది మొరవ లోతు చాలకపోవడం, భుజాలు ఒడ్డులోకి దిగకపోవడం.

గాడి కలిసేచోటికి అటూ ఇటూ 200 మీటర్ల లోపు మొరం తవ్వకూడదని ఊళ్లో ఒప్పుకున్నారు. అంతకు దిగువన తవ్వకం సాగుతూనే ఉంది. మొన్నటి వేసవిలో కల్వర్టు పరుపు నుంచి వంక అడుగుకు కొలిస్తే 1.3 మీటర్లు వచ్చింది, అంటే ఇంకో 20 సెంటీమీటర్లు దిగింది. గేబియన్ ముందరి తీగపరుపు అంచు గుంతలోకి వాలి ఉంది. తీగలు ఎక్కడా తెగలేదు. తర్వాతి కొలత అక్టోబరు వానల తర్వాత.